ప్రాక్టీసు బొమ్మలు కదులుతున్నాయి, సొంత చిత్రంలో మనుషులు మాత్రం బిగుసుకుపోతున్నారు

ఆర్మూరు_గీతలు:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను. ఇప్పుడు నేనే ఒకటి అడగాల్సి వచ్చింది.

నేను హైదరాబాద్‌లో మొబైల్ యాప్‌ల డిజైన్ పని చేస్తాను. బడిలో ఉన్నప్పుడు డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసయ్యాను. తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్లి వచ్చి బొమ్మలు పక్కకు పోయాయి. ఈమధ్య మళ్లీ మొదలుపెట్టాను. రాత్రి భోజనాలయ్యాక, టైమర్ పెట్టి పోజుల ఫొటోలు చూపించే ఒక సైట్ తెరుస్తాను. ముందు ముప్పై సెకన్లవి, తర్వాత రెండు నిమిషాలవి, ఓపిక ఉంటే చివర్లో ఒక పది నిమిషాలది. న్యూస్‌ప్రింట్ కాగితం, 4బి పెన్సిల్, అప్పుడప్పుడు చార్‌కోల్. ఇది బాగానే సాగుతోంది. బరువు ఏ కాలి మీద ఉందో, నడుము ఎటు తిరిగిందో ఇప్పుడు చూడగానే తెలుస్తోంది. గీతలో భయం పోయింది.

నాకు గీయాలని ఉన్నది మాత్రం ఆ ఫొటోల్లో మనుషులను కాదు, మా అమ్మను. మాది ఆర్మూరు దగ్గర ఒక ఊరు. అమ్మ, చిన్నమ్మ, మా వాడకట్టు ఆడవాళ్లు చాలామంది బీడీలు చేస్తారు. పొద్దున వంటపని అయిపోగానే మా ఇంటి వసారాలో చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. నానబెట్టిన తునికాకు వాసన, కత్తెర చప్పుడు, లోపల్నుంచి టీవీ సీరియల్ మాటలు. నేను ఆ చాటల మధ్యలోనే కూర్చుని హోంవర్క్ చేసుకున్నాను. నా కాలేజీ ఫీజులు కట్టింది ఆ బీడీల డబ్బే. వాళ్ల మీద ఒక వరుస చిత్రాలు వెయ్యాలని ఎప్పటినుంచో మనసులో ఉంది.

మంచి, మందపాటి 300 జీఎస్ఎం వాటర్‌కలర్ కాగితం కొని పెట్టుకున్నాను. దాని ముందు కూర్చోగానే చెయ్యి ఆగిపోతోంది. బలవంతంగా గీస్తే అమ్మ స్థానంలో ఎవరో తెలియని మనిషి నిటారుగా కూర్చుని ఉంటుంది. చేతులు ఎక్కడ పెట్టాలో ఆమెకే తెలియనట్టు ఉంటాయి. చెరిపి, గీసి, చివరికి కాగితం పక్కన పెట్టేసి మళ్లీ ఆ పోజుల సైట్‌కే వెళ్లిపోతున్నాను. అక్కడ అన్నీ వస్తాయి కదా.

ఇది అనాటమీ, అంటే శరీర నిర్మాణం, రాకపోవడమా? మళ్లీ ఏదైనా కోర్సులో చేరాలా? లేక నేను చూసి గీయడం వరకే పనికొస్తానా, సొంతంగా వేసే శక్తి లేదా? ఈ చివరి ప్రశ్న రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదు. దయచేసి ఉన్నమాట చెప్పండి.

బొగ్గుపుల్ల:

కాగితం సంగతి ముందు చెప్తాను. ఆ 300 జీఎస్ఎం షీట్లు బీరువాలో పెట్టెయ్యండి. ఖరీదైన కాగితం మీద పెట్టే మొదటి గీతే ఫైనల్ అయిపోవాలన్న టెన్షన్ చేతిని పట్టేస్తుంది. పాత నోట్‌బుక్, బాల్‌పెన్ను తీసుకోండి. పేకముక్క సైజులో ఒక గడి గీసి అందులో వసారా మొత్తం వెయ్యండి. ముఖాలు వద్దు, వేళ్లు వద్దు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, వెలుగు ఎటునుంచి పడుతోంది, అంతవరకే. అలాంటివి పేజీ నిండా వేశాక అందులో ఒకటి మిమ్మల్ని పిలుస్తుంది. పెద్దగా వెయ్యాల్సింది అదే. నేను పోస్టర్ పనులన్నీ ఇలాగే మొదలుపెడతాను.

శక్తి ఉందా లేదా అన్న ప్రశ్న వదిలెయ్యండి. వెయ్యాల్సిన విషయం అంత స్పష్టంగా తెలిసిన మనిషికి ఆ అనుమానం అక్కర్లేదు.

రిటైర్డ్_డ్రాయింగ్_సార్:

అమ్మా, నేను సిద్దిపేట వైపు ప్రభుత్వ బడుల్లో డ్రాయింగ్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీ పోస్టు చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. నా క్లాసుల్లో కూర్చున్న పిల్లల్లో చాలామంది తల్లులు బీడీలు చేసేవాళ్లే.

మీరు ఉన్నమాట చెప్పమన్నారు, చెప్తున్నాను. మీ ప్రాక్టీసుకూ మీ చిత్రానికీ మధ్య ఒక మెట్టు లేదు. ఆ సైట్‌లో మనిషి ఎప్పుడూ మీ కళ్లెదురుగానే ఉంటుంది. కన్ను చూస్తుంది, చెయ్యి గీస్తుంది. టైమర్ మోగగానే ఆ మనిషి పోయి ఇంకొకరు వస్తారు, పాత మనిషిని గుర్తుంచుకోవాల్సిన పని ఉండదు. సొంత చిత్రం ముందు కూర్చున్నప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు. అక్కడ కావలసింది చూసినదాన్ని మనసులో నిలుపుకుని గీసే అలవాటు. దాన్ని వేరుగా నేర్చుకోవాలి. చూసి గీయడం ఎంత చేసినా అది దానంతట అది రాదు.

ఇంకో సంగతి ఉంది, నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తోంది. ఆ సైట్లలో ఉండేది ఎవరు? నిలబడినవాళ్లు, స్టూలు మీద కూర్చున్నవాళ్లు, గెంతేవాళ్లు. ఒంటికి అతుక్కున్న బట్టల్లోనో, అసలు బట్టలే లేకుండానో. మీ అమ్మ నేల మీద కూర్చుంటుంది, ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, ఒళ్లో చాట పెట్టుకుని, కొంగు బొడ్లో దోపుకుని. ఈ భంగిమ మీ ప్రాక్టీసు కాగితాల్లో ఎక్కడైనా ఉందా? ఒకసారి వెతికి చూడండి. లేకపోతే, మీ చెయ్యి ఎన్నడూ గీయని మనిషిని ఖరీదైన కాగితం మీద ఒకేసారి గీయమని అడుగుతున్నారన్నమాట. ఆగిపోక ఏం చేస్తుంది?

కొలత కూడా చూడండి. నిలబడిన మనిషి సుమారు ఏడున్నర తలల ఎత్తు అని అందరం నేర్చుకున్నాం. అదే మనిషి నేల మీద నిటారుగా కూర్చుంటే నేల నుంచి నడినెత్తి దాకా దాదాపు నాలుగు తలలు. పనిలో కూర్చున్న మనిషి నిటారుగా ఉండదు. కటి, అంటే తుంటి ఎముకల భాగం, వెనక్కి వాలుతుంది, వీపు గుండ్రంగా అవుతుంది, భుజాలు ముందుకొస్తాయి. ఎత్తు ఇంకా తగ్గుతుంది. మనం ఆ నాలుగు తలల లెక్క మనసులో పెట్టుకుని గీస్తాం, మనిషి ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు లేచి కూర్చుంటుంది. మీరు చెప్పిన బిగుతు చాలావరకు ఇదే అయ్యుండాలి.

ఇప్పుడు చెయ్యాల్సింది. వీలు చూసుకుని ఊరికి వెళ్లండి. ఫొటోలు తీసుకుని వచ్చెయ్యకండి, అక్కడే కూర్చుని గీయండి. బీడీ పని గీసేవాళ్లకు ఎంత అనుకూలమో మీరు గమనించారో లేదో. ఆకు కత్తిరించడం ఒక విడతగా జరుగుతుంది. ఆ తర్వాత చుట్టడం మొదలవుతుంది. తంబాకు పరచడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. ఒక బీడీ అవగానే చెయ్యి మళ్లీ అక్కడికే వస్తుంది. కాబట్టి పెద్ద కాగితం మీద నాలుగు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టండి. దారం కట్టేటప్పుడు ఒక బొమ్మ మీద నాలుగు గీతలు, ఆకు అందుకునేటప్పుడు రెండో బొమ్మ మీద నాలుగు గీతలు. కదిలిందే అని కంగారు పడొద్దు, కాసేపట్లో ఆ మనిషి మళ్లీ మీరు వదిలిన చోటికే తిరిగొస్తుంది. అలా నాలుగూ కలిసి నిండుతాయి. పోజు పెట్టిన మోడల్ కూడా ఇంత నమ్మకంగా మళ్లీ మళ్లీ అదే చోటికి రాదు.

వాళ్లను కదలకుండా కూర్చోమని మాత్రం ఎప్పుడూ అడగొద్దు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. మీ బొమ్మ కోసం చెయ్యి ఆపితే ఆ మేరకు కూలి పోతుంది. మీ అమ్మ ఊరుకుంటుంది, పక్కింటామె మొహమాటానికి ఊరుకుంటుంది. అడిగి గీయండి, గీసినది వాళ్లకు చూపించండి.

రెండో భాగం జ్ఞాపకం. పెన్సిల్ పక్కన పెట్టి, మీ అమ్మ కొన్ని బీడీలు చుట్టేదాకా ఊరికే చూడండి. వీపు వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది, ఏ మోచెయ్యి ఒంటికి ఆనుకుంది, ఏ మోకాలు పైకి ఉంది. తర్వాత లేచి పెరట్లోకి వెళ్లి గీయండి. గీసి తిరిగొచ్చి పోల్చుకోండి. తేడా కనిపించిందని ఆ బొమ్మను దిద్దొద్దు, పక్కన ఇంకొకటి వెయ్యండి. ఎక్కడ తప్పుతోందో పక్కపక్కన కనిపించాలి. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో లెకోక్ ద బ్వాబొద్రాన్ అనే ఉపాధ్యాయుడు చిన్న ఆకారాల నుంచి మొదలుపెట్టి క్రమంగా ఇలాగే జ్ఞాపకం నుంచి గీయడం నేర్పించేవాడు. శిల్పి రోదా ఆయన దగ్గర చదువుకున్నవాడే.

నేను బడిలో చేసింది ఇంకా చిన్న పద్ధతి. మా క్లాసు కిటికీలోంచి రోడ్డు మీద సైకిళ్లకు పంక్చర్లు వేసే మనిషి కనిపించేవాడు. పిల్లలను కిటికీ దగ్గర నిలబెట్టి చూడమనేవాణ్ని. తర్వాత అందరూ వచ్చి కింద కూర్చుని గీయాలి. దాదాపు అందరూ ఆయన చేతులు చాలా పెద్దవిగా గీసేవాళ్లు. కొలత ప్రకారం తప్పు. కానీ ఆ పనిలో చెయ్యే ముఖ్యమని పిల్లలకు తెలుసు, అందుకే ఆ కాగితాల్లో ఉన్నది కచ్చితంగా ఆ మనిషే అని ఎవరైనా చెప్పగలిగేవాళ్లు. నేను వాటికి మంచి మార్కులు వేసేవాణ్ని. మీరు కూడా జ్ఞాపకం నుంచి గీసేటప్పుడు ఏది పెద్దదవుతోందో చూడండి. మీ మనసు దేన్ని చూసిందో అక్కడ బయటపడుతుంది. సొంత చిత్రం మొదలయ్యేది అక్కడే అని నా నమ్మకం.

మన దగ్గర ఈ దారిలో నడిచినవాళ్లు చాలామంది ఉన్నారు. మా సిద్దిపేట కాపు రాజయ్య గారు (1925–2012) బోనాలు, బతుకమ్మ, పల్లె పనులు గీశారు. తోట వైకుంఠం గారు కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, బరోడా దాకా వెళ్లి చదువుకుని, చివరికి తన ఊరి ఆడవాళ్లనే గీస్తూ వచ్చారు. ఆ బొట్టు, ఆ ముక్కుపుడక, ఆ నిండు భుజాలు ఏ పోజుల ఆల్బమ్‌లోనూ దొరకవు. 1938 హరిపుర కాంగ్రెస్ సభల కోసం నందలాల్ బోస్ వేసిన బొమ్మల్లో ఉన్నదీ పనిచేసుకునే జనమే. శాంతినికేతన్‌లో ఆయన దగ్గర చదువుకున్నవారే మన కొండపల్లి శేషగిరిరావు గారు. వీళ్ల బొమ్మలు దొరికినచోటల్లా చూడండి. స్టైల్ కోసం వద్దు. కూర్చున్న మనిషిని ఎన్ని తక్కువ గీతల్లో నేల మీద కూర్చోబెట్టారో చూడండి.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్:

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ స్టోరీబోర్డులు గీస్తాను. సార్ చెప్పినదాంట్లో ముప్పావు వంతు ఒప్పుకుంటాను. అనాటమీని అంత త్వరగా పక్కన పెట్టడం మాత్రం ఒప్పుకోలేను. జ్ఞాపకం అంటే ఫొటోలాగా మనసులో ముద్రపడటం అని చాలామంది అనుకుంటారు, అలా పడదు. లోపల ఆకారం ఎలా అమరిందో అర్థమైతేనే గుర్తుంటుంది.

మీ అమ్మగారి భంగిమనే తీసుకుందాం. కాలు చాపి నేల మీద కూర్చుంటే వీపు ఎందుకు గుండ్రమవుతుంది? తొడ వెనక కండరాలు మోకాలి కింద నుంచి కటి ఎముక కింది అంచు దాకా ఉంటాయి. మోకాలు చాచినప్పుడు అవి బిగిసి కటిని వెనక్కి లాగుతాయి. కటి వెనక్కి వాలితే నడుము దగ్గర ఉండాల్సిన లోపలి వంపు పోతుంది, పక్కటెముకల గూడు ముందుకు దిగుతుంది. ఒక కాలు మడిచి ఒకటి చాపితే రెండువైపులా లాగుడు సమానంగా ఉండదు, కటి కొంచెం మెలి తిరుగుతుంది, భుజాలు దాన్ని సరిచేస్తాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీరు ఇక ఆమెను నిటారుగా కూర్చోబెట్టలేరు, చెయ్యి ఒప్పుకోదు.

ప్రాక్టీసు ఇలా చెయ్యండి. కటిని ఒక పెట్టెగా, పక్కటెముకల గూడును ఒక గుడ్డుగా గీసి, రెంటినీ కలుపుతూ వెన్ను గీత ఒకటి. చేతులు, కాళ్లు, చీర ఏవీ వద్దు. పక్కనుంచి చూసి గీసినదాన్ని తర్వాత వెనక నుంచి ఎలా ఉంటుందో ఊహించి గీయండి, తర్వాత పైనుంచి. కష్టంగా ఉంటుంది, మొదట్లో అసహ్యంగా కూడా ఉంటుంది. చూసి గీయడానికీ ఊహించి గీయడానికీ మధ్య నాకు దొరికిన వంతెన ఇదొక్కటే. కొరియా చిత్రకారుడు కిమ్ జంగ్ గి (1975–2022) ఎదురుగా ఏమీ లేకుండా గోడంత కాగితం మీద గుంపులు గుంపుల జనాన్ని గీసేవాడు. ఆ వీడియోలు చూస్తే ఒకటి తెలుస్తుంది, ఆయన ఏ వస్తువునైనా ఏ కోణం నుంచైనా తిప్పి చూపించగలడు. తిప్పగలిగితేనే సొంత చిత్రంలో ఎక్కడైనా కూర్చోబెట్టగలం.

ఫొటోల విషయంలోనూ సార్‌తో నాది కొంచెం వేరు మాట. ఊరు దూరం, సెలవులు తక్కువ, రోజూ వెళ్లలేరు కదా. ఫొటో బదులు వీడియో తీసుకోండి. పని మొత్తం అందులో ఉంటుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఫోన్‌ను మరీ దగ్గర పెట్టొద్దు. దగ్గరనుంచి తీస్తే చాపిన పాదం తలకన్నా పెద్దదిగా, మోకాలు కొండంతగా వస్తాయి, మీరు అదే నిజమనుకుని గీస్తారు. మూడు మీటర్ల దూరం జరిగి జూమ్ చెయ్యండి. ఫోన్ ఎత్తు మీరు నేల మీద కూర్చుంటే మీ కళ్లు ఉండే ఎత్తులో ఉండాలి. నిలబడి తీస్తే అందరి నడినెత్తులే వస్తాయి.

కలం_చుక్క:

అక్కా, మాది శ్రీకాళహస్తి. మా మేనమామ కలంకారీ పని చేస్తాడు, నేను కూడా ఆయన దగ్గరే కలం పట్టుకున్నాను. మీ సమస్యకు నేరుగా జవాబు అవునో కాదో తెలియదు గానీ మా పని పద్ధతి చెప్తాను.

మేము గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతాం. దాని మీద చింతపుల్లలు కాల్చి చేసిన బొగ్గుతో తేలిగ్గా గుర్తులు పెట్టుకుంటాం. మనిషి ఇక్కడ, తల ఈ ఎత్తులో, చెయ్యి ఇటు. ఆ బొగ్గు దులిపితే పోతుంది. తర్వాత వెదురు కలంతో కసిమి గీత. కసిమి అంటే ఇనుము, బెల్లం నీళ్లలో వేసి పులియబెట్టిన ద్రావణం. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లగా తిరుగుతుంది. దాన్ని చెరపడం ఉండదు. కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ ఉంటే రంగు దిగుతుంది. ఆగితే చుక్క పడుతుంది, కాబట్టి గీత మధ్యలో ఆలోచించడానికి వీల్లేదు.

మీరు మంచి కాగితం మీద రెండు పనులూ ఒకేసారి చేస్తున్నారని నాకనిపిస్తోంది. ఎక్కడ పెట్టాలన్న ఆలోచనా, ఎలా గీయాలన్న గీతా రెండూ ఒక్క పెన్సిల్‌తోనే. మా దగ్గర బొగ్గు ఆలోచిస్తుంది, కలం గీస్తుంది. మీరు కూడా ఆలోచన అంతా ఒక కాగితం మీద తేల్చుకుని, దాని మీద పల్చటి కాగితం వేసి గీత మాత్రం కొత్తగా తియ్యండి. చెరిపే పని లేకపోతే గీత నిలబడుతుంది.

ఇంకొకటి. మామయ్య కొత్తవాళ్ల చేత ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వేయిస్తాడు. కూర్చున్న సీతమ్మ, విల్లు ఎత్తిన రాముడు, చేతులు జోడించిన హనుమంతుడు. మొదట్లో నాకు విసుగొచ్చేది. శిల్పశాస్త్రంలో తాళమానం ఉంది కదా, నవతాళం అంటే ముఖాన్ని ఒక తాళంగా తీసుకుని ఒళ్లంతా తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు (ఇక్కడ అంగుళం అంటే ఇంచు కాదు, తాళంలో పన్నెండో వంతు). మామయ్య ఎన్నడూ కొలవడు, ఆయన చేతికే తెలుసు. కొన్ని భంగిమలు చేతికి వచ్చేశాక వాటిని కలిపి కొత్త కథ వేయడానికి భయం ఉండదు. మీ అమ్మగారు ఆకు కత్తిరిస్తూ, చుడుతూ, కట్టలు కడుతూ, నీళ్లు తాగుతూ, నడుం నొప్పికి వెనక్కి వాలుతూ. ఇలాంటి భంగిమలు కొన్ని మీ చేతికి కంఠతా రానివ్వండి. వసారా నిండా జనాన్ని అప్పుడు కూర్చోబెట్టండి.

ఆర్మూరు_గీతలు:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. బతుకమ్మ పండక్కి ఊరికి వెళ్లి, దసరా అయ్యాక వచ్చాను. అందుకే జవాబు ఆలస్యమైంది.

సార్, మీరు చెప్పినట్టే నాలుగు బొమ్మలు కలిపి మొదలుపెట్టాను. మొదటి పూట చెయ్యి వణికింది, చుట్టూ అందరూ చూస్తున్నారని. తర్వాత వాళ్లకు అలవాటైపోయింది. పని ఆపమని ఎవరినీ అడగలేదు. అప్పుడు ఒక సంగతి కనిపించింది. ఇన్నేళ్లు ఆ వసారాలో పెరిగిన నాకు కూడా తెలియనిది. చుట్టేటప్పుడు అమ్మ చేతులను చూడదు. ఆకు కత్తిరించేటప్పుడు మాత్రమే తల వంచుతుంది, రేకు పెట్టి కొయ్యాలి కాబట్టి. చుట్టడం మొదలైతే కళ్లు టీవీ మీదో, ఎదురుగా కూర్చున్నామె మీదో ఉంటాయి. వేళ్లు వాటి పని అవి చేసుకుంటాయి. నేను మనసులో ఎప్పుడూ అమ్మను తలవంచుకునే గీస్తున్నాను. నిజంగా అక్కడ ఉన్నది మాట్లాడుతూ, నవ్వుతూ, ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్న ఆడవాళ్లు. నేను వెయ్యాలనుకున్న చిత్రమే మారిపోయింది.

చిన్నమ్మ మాత్రం గుంజకు వీపు ఆనించి రెండు కాళ్లూ చాపే కూర్చుంటుంది, మోకాళ్ల నొప్పుల వల్ల. ఫ్రేమ్ బై ఫ్రేమ్ గారూ, మీరు చెప్పిన కటి సంగతి చిన్నమ్మ దగ్గర కళ్లకు కట్టినట్టు కనిపించింది. గుంజ తీసేస్తే ఆమె వీపు ఎటు పోతుందో ఊహించి గీశాను.

పెరట్లో కూర్చుని జ్ఞాపకం నుంచి గీసిన బొమ్మ ఒకటి అమ్మకు చూపించాను. కాసేపు చూసి, "గా భుజం గట్లెందుకు లేపినవే? నాది కిందికే ఉంటది" అంది. వెళ్లి చూస్తే నిజంగానే చాట పట్టుకున్న వైపు భుజం కిందికి దిగి ఉంది. ఆ ఒక్క గీత దించగానే బొమ్మలో అమ్మ వచ్చేసింది. ముఖం ఇంకా గీయనే లేదు.

కలం చుక్క, నీ సలహా ప్రకారం బొగ్గుతో ఒక కాగితం, దాని మీద బటర్ పేపర్ వేసి బ్రష్‌పెన్నుతో ఇంకొకటి తీస్తున్నాను తమ్ముడూ. బొగ్గుపుల్ల గారి పేకముక్కల్లోంచి ఒకటి ఎంచుకున్నాను. ముగ్గురు ఆడవాళ్లు, మధ్యలో అమ్మ, ఆమె చిన్నమ్మ వైపు తిరిగి ఏదో చెప్తోంది. దాన్నే పెద్దగా వెయ్యాలి.

సార్, ఒక్క సందేహం మిగిలింది. పెద్దది చెయ్యబోతే ఒళ్లూ చాటా విడివిడిగా పోతున్నాయి. చాట ఒళ్లో ఉన్నట్టు అనిపించడం లేదు, గాలిలో ఉన్నట్టుంది. చీర కుచ్చిళ్లు కూడా అక్కడే గందరగోళం అవుతున్నాయి.

రిటైర్డ్_డ్రాయింగ్_సార్:

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. భుజం సంగతి నేను ఇక్కడ కూర్చుని చెప్పగలిగేది కాదు. ఇక ముందు కూడా ప్రతి బొమ్మా మొదట ఆమెకే చూపించండి. చుట్టేటప్పుడు తల ఎత్తి ఉంటుందన్నది చాలా విలువైన సంగతి. మూడు ముఖాలు, మూడు చూపులు ఎటెటు వెళ్తున్నాయో పేకముక్క బొమ్మలో బాణం గుర్తులతో పెట్టుకోండి.

చాట విషయం. మీరు మనిషిని ముందు పూర్తి చేసి, తర్వాత చాటను తెచ్చి పెడుతున్నారు, అందుకే అది తేలుతోంది. వరుస మార్చండి. వెన్ను గీత ఒకటి పెట్టుకున్నాక నేరుగా చాట గీయండి. చాట గట్టి వస్తువు, దాని అంచులు తొడల మీద ఎక్కడ ఆనుతున్నాయో ఆ రెండు మూడు చోట్లే ముఖ్యం. మడిచిన కాలి వైపు చాట కొంచెం పైకి లేస్తుంది, చాపిన కాలి వైపు దిగుతుంది. ఆ వాలు సరిగ్గా పడితే తొడలు ఎక్కడున్నాయో చాటే చెప్తుంది. చాట కింద నేల మీద నీడ, చాట లోపల తంబాకు కుప్ప నీడ, ఈ రెండింటినీ ఒకేలా నల్లగా వెయ్యకండి. కింద ఉన్నది ముదురుగా ఉండాలి.

కుచ్చిళ్లు అన్నిటికన్నా చివర. అప్పటిదాకా వాటి జోలికి పోవద్దు. గుడ్డ ఎక్కడ పట్టి ఉందో ముందు చుక్కలు పెట్టుకోండి. పైకి ఉన్న మోకాలు ఒకటి, నడుము దగ్గర దోపిన చోటు ఒకటి, పిరుదు కింద నలిగిన చోటు ఒకటి. మోకాలి నుంచి నడుముకు లాగినచోట మడతలు సూటిగా వెళ్తాయి. రెండు కాళ్ల మధ్య వదులుగా పడినచోట వంపు తిరుగుతాయి. నేలకు తగిలినచోట విరుగుతాయి. ఇంతకు మించి ఒక్క మడత కూడా ఎక్కువ గీయకండి. బ్రష్‌పెన్నుతో చేస్తున్నారు కాబట్టి మోకాలి దగ్గర గీత లావుగా మొదలుపెట్టి పోనుపోను సన్నం చెయ్యండి.

పెద్ద బొమ్మకు ఆ 300 జీఎస్ఎం కాగితం ఇప్పుడే తియ్యాల్సిన పని లేదు. మామూలు కార్ట్రిడ్జ్ పేపర్ మీద అదే సైజులో ఒకటి పూర్తిగా వేసి, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. చాటల దగ్గర ఇంకా ఏమైనా తేడా ఉంటే గుర్తులు పెట్టి చూపిస్తాను.